ఏడో నీళ్లు

చీమకుర్తి గనిలో బ్లాకు మీద
తెల్ల పెయింటుతో నంబరేసి వెనక్కి తిరిగేసరికి
చువాంగ్ గారు నా జేబులో ఏదో దూర్చాడు.
వెండిరంగు పొట్లం, బొటనవేలంత.

రాయి తడిపి బంగారు చుక్కలు లెక్కపెట్టుకునే మనిషి,
సెంటీమీటరు దగ్గర గంటసేపు తగువాడే మనిషి
దీనికి మాత్రం ధర చెప్పలేదు.
'టీ' అన్నాడు.
ముక్కు చూపించి కళ్లు మూసుకున్నాడు.
ఆ మాట వాళ్ల రేవుదేనట,
ఓడలెక్కీ దిగీ
మా బస్టాండు బంకు దాకా నడిచొచ్చిందట.

ఇంట్లో పొట్లం చింపితే
ఆకు కాదు, ఉండలు.
'మేక పెంటికలు' అంది మా చిన్నది.
ఆదెమ్మత్త నవ్వలేదు.
టంగుటూరు గ్రేడింగులో ముప్పై ఏళ్లు
పొగాకు ముందు కూర్చుని లేచిన మనిషి,
ఆకంటే ఆమెకు పరాచికం కాదు.
ఒక ఉండ తీసి చెవి దగ్గర నలిపింది.
చప్పుడు విన్నది.
'బాగా ఆరింది. రాత్రంతా ఎవరో
నిద్ర మానుకుని కాసుకున్నారు దీన్ని.'

పేచీ నీళ్ల దగ్గరొచ్చింది.
మా బోరు నీళ్లు
పళ్లకు గార పూసిన నీళ్లు,
పక్కింటి వెంగయ్య మోకాళ్లు వంచిన నీళ్లు.
క్యాను నీళ్లేమో అద్దం తాగినట్టుంటాయి.
రామతీర్థం రిజర్వాయరు దాకా పోయి
బిందె స్కూటరు మీద ముందు పెట్టుకుని తెచ్చాను,
దారంతా ప్యాంటు తడుస్తూ.

పాలు పొయ్యబోయిన మా ఆవిడ చెయ్యి
అత్త పట్టుకుంది.
'పాలు లేకుండా టీ ఎట్టా అవుద్దమ్మా?'
'ఏమో. ఆకు ఏం చెబుద్దో విందాం.'

మూత గిన్నె లేదు, మూతి గిన్నె ఉంది.
మా చిన్నదాని ఉగ్గుగిన్నె
అటక మీంచి దిగింది.
మొదటి నీళ్లు కడుగు, పారబోశాం.
రెండో నీళ్లకు
గదిలోకి ఎవరో వచ్చినట్టయింది.

మల్లె అన్నాను. నాకు తెలిసింది అదొక్కటే.
సంపెంగ అంది మా ఆవిడ.
అత్త కళ్లు మూసుకుంది,
వెనకటికి గ్రేడు చెప్పే ముందు మూసుకున్నట్టే.
'కాదు. ఎండిన పొగడపూలు.
దారం తెగి పెట్టె అడుగున ఉండిపోయినవి.
వెనకాల పచ్చి శనగాకు,
తెల్లారగట్ల మంచు మీది పులుపు.'

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.
పొగాకు దుమ్ముకి ఆమె ముక్కు చచ్చి నాలుగేళ్లు.
పాలు పొంగి మాడినా
మేమే పరిగెత్తాలి.
ఎవరమూ అడగలేదు.
ఆ వాసన గిన్నెలోంచి వచ్చిందో
ఆమె పెట్టె అడుగు నుంచే వచ్చిందో
అడగాల్సినంత పని కాదది.

నాలుగో నీళ్లకు ఉండలు విప్పుకున్నాయి.
అయిదుకు గిన్నె నిండా ఆకే,
ఇంత చిన్న ఉండలో అంత ఎట్టా మడిచారో.
ఒకటి వేలి మీద పరిచింది అత్త.
ఒకే కాడకి మూడాకులు,
కాడ చివర తుంచిన చోటు.
'గోరు ఆనవాలు చూడండి. ఆడమనిషే.
కూలి ఎంతిస్తారో అక్కడ?'
నాకు రాయి ధర తెలుసు, అది తెలియదు.

'ఏ గ్రేడు వేస్తావత్తా?'
'ఇన్నేళ్లూ నేనేసిన గ్రేడుకి
ఇంకొకడు ధర కట్టాడు.
దీన్ని ఊరికే తాగనియ్ నన్ను.'

ఏడో నీళ్లకు రంగు లేదు.
నాకైతే వేణ్ణీళ్లే.
ఆమె ఒక్కతే నాలిక మీద నిలుపుకుని
చాలాసేపటికి మింగి
'ఇంకా ఉంది' అంది.

పొద్దున్నే గనిలో
చువాంగ్ గారికి ఏడు వేళ్లు చూపించాను.
టేపు కింద పెట్టాడు. దుమ్ములోనే నవ్వాడు.
బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించాడు.
మనకది రెండు.
రాళ్ల బేరంలో నేర్చుకున్నాను కాబట్టి తెలుసు,
వాళ్లకది ఎనిమిది.

క్రేను చప్పుడుకి దూరంగా జరిగి
ఇంటికి ఫోను చేశాను,
గిన్నె కడగొద్దని చెబుదామని.